బుల్లిరాజు గారి ఫోర్ వీల్ జీపు

ఆ పెళ్ళి ఫోటో చూసినవాళ్ళందరూ పెళ్ళికూతురి నగల గురించి మాట్లాడుకుంటే, మా ఆయన రామ్మోహన్ మాత్రం వెనకాల కొబ్బరిచెట్ల నీడలో ఆగివున్న జీపు ఎవరిదని అడిగారు. ఫోటో తెచ్చింది ఆయనతో పాటు బ్యాంకులో పనిచేసే స్నేహితుడు. వాళ్ళ చెల్లెల్ని గోదావరి జిల్లాలో రావులపాలెం దగ్గర ఇచ్చారు. జీపు పసుపు రంగుది. మామూలు జీపు కన్నా మోకాలెత్తు పైకి లేచి ఉంది. టైర్లు ట్రాక్టరువేమో అన్నంత లావు. పొగగొట్టం బానెట్ పక్కనుంచి పైకి పాకి టాపు దాటి నిలబడింది. టాపు మీద వరసగా లైట్లు. దాని ముందు పెళ్ళికొడుకు పీలగా కనిపిస్తున్నాడు.

మాది మదనపల్లె దగ్గర పల్లె. మా తోట గుట్ట మీద ఉంది. మామిడి, సీతాఫలం. గుట్ట నడుమదాకా ట్రాక్టరు ఎక్కుతుంది, అక్కణ్ణుంచి పైకి రాళ్ళబాట. గంపలు నెత్తిన పెట్టుకుని మనుషులే దింపాలి. పోయినేడు సగం కాయ చెట్ల కిందే కుళ్ళింది. వచ్చే కాపుకి మేం రామని కూలీలు ముందే చెప్పేశారు. జీపైనా కొనాలి, తోటైనా అమ్మాలి అని మా ఆయన తీర్మానించుకుని ఉండగా ఈ ఫోటో వచ్చింది.

జీపు బుల్లిరాజు గారనే రైతుదని తెలిసింది. అమ్మే ఉద్దేశం ఉందట. ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేశారు. నేను పక్కనే నిలబడి విన్నాను.

"బండి కండిషన్ ఎట్లుంది సార్?"

"ఆయ్" అని వినిపించింది అవతల.

"ఫోర్ వీల్ పనిచేస్తా ఉందా?"

"ఆయ్. మీరు వచ్చెయ్యండి, అన్నీ మాట్లాడుకుందాం. మీ ఆవిడగార్ని కూడా తీసుకురండి."

ఆయ్ అంటే అవునని అర్థమని స్నేహితుడు చెప్పాడు. "మీరు చెప్పేది వింటున్నానండి" అని కూడా అర్థమని మాకు తర్వాత తెలిసింది.

రాజమండ్రి

తిరుపతిలో రైలెక్కి, మర్నాడు పొద్దున రాజమండ్రిలో దిగాం. ఊళ్ళో మొదట చెవిన పడింది ఒక తగాదా. స్టేషన్ బయట రెండు రిక్షాలు గుద్దుకున్నాయి. ఒకతను రెండోవాడి మీద కళ్ళెర్రజేసి, "ఏంటండి మీరు, కళ్ళు కనబడట్లేదాండి?" అని అరిచాడు. మా వైపు ఈపాటికి చొక్కాలు చిరిగేవి. ఇక్కడ ఇద్దరూ ఒకరినొకరు గారూ అండీ అంటూనే వాళ్ళ వాళ్ళ తాతలదాకా వెళ్ళొచ్చారు.

టిఫిను తినడానికి హోటల్లో కూర్చున్నాం. పెసరట్టులో ఉప్మా పెట్టి ఇచ్చారు. బాగుంది. అల్లం పచ్చడి తగిలిన నాలుక బెల్లం రుచికి ఆగిపోయింది. మా ఇంట్లో చెనిక్కాయల పచ్చడి తింటే చెవుల్లోంచి ఆవిరి రావాలి, లేకపోతే చేసినావిడకి చెయ్యి రాలేదంటారు. "ఇంత తియ్యగా తినే మనుషులు మోసం చెయ్యరులే" అన్నారు మా ఆయన. పచ్చడిని బట్టి జీపుకి సర్టిఫికెట్ ఇచ్చేశారు.

రావులపాలెం బస్సు ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా వెళ్ళింది. మేం నీళ్ళు చూడ్డానికి కిటికీలోంచి మెడలు బయటపెట్టాం. పక్క సీటులో గొడుగు పట్టుకుని కూర్చున్న పెద్దాయన మమ్మల్ని ఎగాదిగా చూసి, "మద్రాసు వైపాండి?" అని అడిగారు. మదనపల్లె అని చెప్పాను. "ఓహో, అక్కడా తెలుగేనాండి?" అని సంతోషించి, పైన ఏజెన్సీ కొండల్లో వానలు జోరుగా ఉన్నాయనీ, ఈ ఒకటి రెండు రోజుల్లో గేట్లు ఇంకా ఎత్తుతారనీ, నీళ్ళు రంగు తిరిగాయి చూడమనీ చెప్పారు. నిజమే, ఒక పక్కన నీళ్ళు ఎర్రమట్టి కలిపినట్టున్నాయి. మా ఊళ్ళో నీళ్ళొస్తున్నాయంటే జనం దణ్ణం పెట్టడానికి పరిగెత్తుతారు. ఈయన అదే మాట బస్సు ఆలస్యమైందన్నట్టు చెప్పారు.

బుల్లిరాజు గారిల్లు

బుల్లిరాజు గారి ఊరు ఆత్రేయపురానికీ రావులపాలేనికీ మధ్య, ఏటిగట్టు పక్కనే ఉంది. వాకిట్లో దిగేసరికి ఆయనే ఎదురొచ్చారు. తెల్లటి పంచె, తెల్లటి మీసం, పెద్ద నవ్వు. వెనకాల వాళ్ళావిడ మంగ గారు రెండు చెంబులతో నీళ్ళు పట్టుకుని నిలబడ్డారు.

జీపు కొబ్బరిచెట్ల కింద ఉంది. ఫోటోలో కన్నా పెద్దగా ఉంది. మా ఆయన చెంబు అందుకోకుండా అటు నడిచారు.

"బండెక్కడికి పోతుందండీ! ముందు కాళ్ళు కడుక్కోండి, భోజనం చల్లారిపోతుంది" అన్నారు బుల్లిరాజు గారు.

అరిటాకులు వేశారు. ముద్దపప్పు, ఆవపెట్టిన కంద బచ్చలి కూర, పనసపొట్టు, చేమదుంపల పులుసు, కొబ్బరి పచ్చడి, మాగాయ. ప్రతిదానికీ ఒక గరిటె నెయ్యి. మా ఇంట్లో రాగిసంగటి ముద్దా, చెనిక్కాయలు నూరిన ఊరుబిండీ ఉంటే విందు. నేను చాలు అన్నప్పుడల్లా మంగ గారు నొచ్చుకున్నట్టు చూసి ఇంకొంచెం వేశారు. "వంట కుదరలేదేమోనమ్మా" అన్నారు. కుదిరిందని నిరూపించడానికి తినాల్సివచ్చింది.

చేతులు కడుక్కుంటూ మా ఆయన, "ఒకసారి బండి కిందికి దూరి చూస్తాను సార్" అన్నారు.

"తిన్న వెంటనే వంగకూడదండి" అని బుల్లిరాజు గారు మడతమంచం చూపించారు.

లేచేసరికి కాఫీ. కాఫీ వెనకాల పనసాకుల దొప్పల్లో ఆవిరి మీద ఉడికిన పొట్టిక్కలు. చూడ్డానికి ఇడ్లీలే, ఆకు వాసన మాత్రం పిండిలోకి దిగి ఉంది. తర్వాత తోట చూపించారు. ఆ తర్వాత వియ్యంకుడొచ్చి పరిచయం చేసుకున్నారు. మా ఆయన జీపు దగ్గరికి వెళ్ళడం, ఎవరో ఒకరు పళ్ళెంతో రావడం. చివరికి పొద్దు వాలుతుండగా బుల్లిరాజు గారే స్టార్టు చేసి, మమ్మల్ని ఊరి తారురోడ్డు మీద ఒక చుట్టు తిప్పారు. గేరు పక్కన ఎర్ర గుండీ ఉన్న పొట్టి కడ్డీ ఒకటుంది. దాన్ని టక్కున వెనక్కి లాగారు.

"ఇదండీ ఫోర్ వీలు! ఇక నాలుగు చక్రాలూ లాగుతాయండి. తేడా తెలుస్తోందాండి?"

జీపు అంతకుముందెలా వెళ్తోందో అలాగే వెళ్ళింది. మా ఆయన కళ్ళు మూసుకుని, "తెలస్తా ఉంది సార్. పట్టు వచ్చింది" అన్నారు.

నేను వెనక సీట్లోంచి, "కిందికి దూరి చూస్తానన్నారు కదా" అని మెల్లగా గుర్తు చేశాను.

"ఇంత అన్నం పెట్టినాయన బండి కింద టార్చి వేసి చూస్తే ఏమనుకుంటాడు సుగుణా?" అన్నారు ఆయన, ఇంకా మెల్లగా. పనసపొట్టు ఇంకా గొంతులోనే ఉంది. బుల్లిరాజు గారు అడిగిన ధరకే ఒప్పుకుని డబ్బిచ్చేశాం.

రావులపాలెం

మర్నాడు కాఫీ, టిఫిను, బొట్టు, జాకెట్టు గుడ్డ, ఒక బస్తా కొబ్బరికాయలు అందుకుని బయల్దేరాం. హైవే ఎక్కేముందు రావులపాలెం అరటి మార్కెట్టు చూద్దామన్నాను. ఎటు చూసినా గెలలే. సైకిలుకి అటూ ఇటూ గెలలు కట్టుకుని మనుషులు నెట్టుకొస్తున్నారు. సైకిలు కనబడదు, మనిషి కనబడడు, అరటిగెలలే నడిచి వస్తున్నట్టుంటుంది. మా ఊళ్ళో డజను పళ్ళు కొనే డబ్బుకి ఇక్కడ చిన్న గెల వస్తుంది. నేను చక్కెరకేళి గెల బేరం చేస్తుండగా, దారి కోసం మా ఆయన హారన్ నొక్కారు.

అది మామూలు హారన్ కాదు. ఆరు రకాల కూతలు వరసగా కూస్తుంది. కూసింది. నొక్కడం ఆపినా కూసింది. తాళం తీసేసినా కూసింది. ఒక దున్నపోతుల బండి బెదిరి పక్క అంగడిలోకి తల పెట్టింది. గెలలు మోసేవాళ్ళు ఆగిపోయి చూశారు. మా ఆయన బానెట్ తెరిచి చేతికందిన తీగనల్లా పీకారు. కూత ఆగింది. దాంతోపాటు లైట్లూ, లోపల ఉన్న చిన్న ఫ్యానూ ఆగాయి.

గెలలమ్మే ఆయన చెవుల్లోంచి వేళ్ళు తీసి, "బుల్లిరాజు గారి బండా అండి ఇది? కొన్నారా? బాగా చూసుకునే కొన్నారాండి?" అని అడిగాడు.

"ఆయ్" అన్నాను నేను. ఆ మాట ఎంత ఉపయోగమో అప్పుడు అర్థమైంది.

ఆత్రేయపురం

పూతరేకులు కొనకుండా ఊరికి రానని నేను పట్టుబట్టడంతో జీపు వెనక్కి తిరిగింది. ఆత్రేయపురంలో ఒక ఇంటి వసారాలో పూతరేకులు చేస్తుంటే కూర్చుని చూశాను. బోర్లించిన కుండ కింద మంట. బియ్యప్పిండి పల్చగా కలిపిన నీళ్ళలో గుడ్డ ముంచి, కుండ మీద ఒక్కసారి లాగుతుంది ఆవిడ. రెప్పపాటులో కాగితం కన్నా పల్చని రేకు లేస్తుంది. నన్నూ ఒకటి లాగమన్నారు. నా రేకు చిల్లులు పడి చేపలవలలా వచ్చింది. ఆవిడ నవ్వి, దాంట్లోనే నెయ్యీ బెల్లప్పొడీ వేసి మడిచి నా చేతికిచ్చింది. "ఎవరు లాగింది వాళ్ళే తినాలండి" అంది. చిల్లుల్లోంచి నెయ్యి మోచేతిదాకా కారింది. అంత రుచైన పూతరేకు మళ్ళీ తినలేదు.

పెట్టె కట్టించుకుని వచ్చేసరికి మా ఆయన నది వైపు చూస్తూ నిలబడి ఉన్నారు.

"సుగుణా, ఇంటికి పోయి గుట్ట ఎక్కేటప్పుడు తెలుసుకునేదానికన్నా, ఇక్కడే ఒకసారి చూద్దామా?"

"ఏం చూస్తారు?"

"ఫోర్ వీలు. ఆ ఇసుకలో."

ఇసుకలో

ఏటిగట్టు మీదనుంచి ఇసుక బళ్ళు దిగే బాట ఒకటుంది. దానిగుండా దిగాం. గోదావరి పాయ దూరంగా ఉంది. మధ్యలో అంతా తెల్లటి ఇసుక, పాయకి ఇవతలే లంకలో అరటితోటలు. ఇసుకలో కొంత దూరం జీపు హుషారుగా పోయింది. తర్వాత నీరసించింది. తర్వాత నిలబడింది. మా ఆయన నా వైపు చూసి చిరునవ్వు నవ్వి, ఎర్ర గుండీ కడ్డీ టక్కున లాగారు. ఆక్సిలరేటరు తొక్కారు. వెనక చక్రాలు రెండూ గోతులు తవ్వుకుంటూ కిందికి దిగాయి. జీపు కూర్చుంది.

నేను పూతరేకుల పెట్టెతో కిందికి దూకాను. దూకడంలో ఒక చెప్పు జారి జీపు కిందికి పోయింది. వంగి దానికోసం చెయ్యి పెట్టాను. మా ఆయన ఇంకా తొక్కుతూనే ఉన్నారు. కింద ఒక లావుపాటి ఇనుపకడ్డీ గిరగిరా తిరుగుతోంది. అది వెనక చక్రాల వైపు పోయింది. ముందు వైపు చూశాను.

"ఏమండీ, వెనక చక్రాలకి పోయే కడ్డీ ఉంది కదా, అది తిరుగుతా ఉంది. ముందు చక్రాలకి ఏమీ లేదే? అది వేరే రకమా?"

ఇంజను ఆగిపోయింది. మా ఆయన దిగి, ఇసుకలో వెల్లకిలా పడుకుని జీపు కిందికి దూరారు. చాలాసేపు బయటికి రాలేదు. కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి.

"ఏమైందండీ?"

"ముందు షాఫ్టు లేదు." లోపల ఇనుము తడిమిన చప్పుడు. మళ్ళీ, "షాఫ్టే లేదు సుగుణా. పీకేసినారు. ఉత్త బోల్టు రంధ్రాలు ఉండాయి."

అప్పుడే లంక వైపునుంచి అరటిగెలల బండి ఒకటి వస్తోంది. బండి ముందు నడుస్తున్న ఎర్రచీర పెద్దావిడ మమ్మల్ని చూసి దూరంనుంచే కేకేసింది.

"ఏంటమ్మా అక్కడ? నీళ్ళొదిలారంటండి! మేం తోట ఖాళీ చేసి వచ్చేస్తున్నాం. మీరు ఎదురెళ్తున్నారేంటి?"

తిరిగి చూశాను. దూరంగా ఉన్న పాయ దూరంగా లేదు. ఇసుక మీద ఎర్రటి నీళ్ళు నాలుకలు చాస్తున్నట్టు సన్నగా పాకి వస్తున్నాయి. చప్పుడు లేదు. అందుకే ఎక్కువ భయం వేసింది. మా గుట్ట మీద వానొస్తే ఊరంతా వినబడుతుంది.

"లేవండి, నీళ్ళొస్తున్నాయి!"

"రానీ" అని వినబడింది జీపు కిందనుంచి. ఆ గొంతులో కోపం కూడా లేదు. తోట అమ్మేయడానికి సిద్ధపడ్డ గొంతు అది. నాకు ఆ క్షణంలో జీపు పోతుందన్న బాధ కన్నా, ఆ గొంతు విన్న బాధే ఎక్కువైంది. రెండు కాళ్ళూ పట్టుకుని బయటికి లాగాను.

ఎర్రచీర పెద్దావిడ బండి తోలేవాణ్ణి ఆపింది. గెలలు దింపించి గట్టు మొదట్లో వేయించింది. దున్నపోతుల్ని విప్పి మా జీపు ముందు నిలబెట్టించింది. పడవ మోకు ఒకటి తెప్పించి ముందు ఇనుప చట్రానికి కట్టించింది. లంకలోంచి వస్తున్నవాళ్ళు ఒక్కొక్కరే మోకు పట్టుకున్నారు. అందరూ లాగారు, అందరూ సలహాలూ ఇచ్చారు. ఒకాయన మోకు వదలకుండానే, "ఫోర్ వీల్ వెయ్యండి సార్, ఫోర్ వీల్!" అని అరుస్తున్నాడు. మా ఆయన స్టీరింగు పట్టుకుని ఎటూ చూడకుండా కూర్చున్నారు. నేను పూతరేకుల పెట్టె నెత్తిన పెట్టుకుని వెనకనుంచి నెట్టాను. నీళ్ళు నా చీలమండలదాకా వచ్చాయి. ఒక్కసారి జీపు కదిలి, మోకు పట్టుకున్నవాళ్ళలో సగంమంది వెల్లకిలా పడ్డారు. పడ్డవాళ్ళు పడుకునే నవ్వడం మొదలుపెట్టారు. లేచి మళ్ళీ లాగారు. జీపు గట్టెక్కింది.

చూస్తుండగానే మేం నిలబడ్డ చోటంతా ఎర్రనీళ్ళు. పెద్దావిడకి ఏమివ్వాలో తెలియక పూతరేకుల పెట్టె ఇవ్వబోయాను. "మాకు పూతరేకులేంటమ్మా, మా ఊరివే కదా" అని తనే గెలనుంచి రెండు అత్తాల అరటిపళ్ళు కోసి మాకు ఇచ్చింది.

కబురు మాకన్నా ముందు వెళ్ళింది. కాసేపట్లో స్కూటరు మీద బుల్లిరాజు గారొచ్చారు. మా ఆయన ఆయనకోసం కొన్ని మాటలు సిద్ధం చేసుకుని ఉన్నారు. కానీ బుల్లిరాజు గారు స్కూటరుకి స్టాండైనా వెయ్యకుండా గబగబా వచ్చి, తెల్లపంచెతో బురదలో పడుకుని జీపు కిందికి చూశారు. లేచేసరికి మనిషి మొహం పాలిపోయింది.

"నాలుగేళ్ళండీ" అన్నారు. "మా వియ్యంకుల ముందు ఎన్నిసార్లు లాగానండీ ఆ కడ్డీ!"

"మీరెప్పుడూ ఇసుకలోకి దించలేదా సార్?"

"పాడైపోతుందని తారురోడ్డు మీదే నడిపానండి. మా వైపు ఎత్తంటే ఈ గట్టొకటే, దీనికీ రోడ్డుంది." పంచె బురద దులుపుకుని, "బండి నాకిచ్చెయ్యండి. మీ సొమ్ము ఇంటికెళ్ళగానే ఇచ్చేస్తాను" అన్నారు.

మా ఆయన సిద్ధం చేసుకున్న మాటలన్నీ ఎటుపోయాయో. "దుడ్డు నాకొద్దు సార్. ముందు చక్రాలు తిరగల్ల. మీకెవరు అమ్మినారు?" అన్నారు.

ధవళేశ్వరం గేదె

అమ్మింది ధవళేశ్వరంలో సత్తిబాబు గారు, ఒకప్పుడు కంకర కాంట్రాక్టులు చేసి మానేసిన పెద్దమనిషి. మర్నాడు ముగ్గురం జీపులో వెళ్ళాం. ఆయన జీపుని చూసి చుట్టం వచ్చినట్టు సంబరపడ్డారు. విషయం విని ఏమాత్రం తొణకలేదు.

"ఆ షాఫ్టా అండి? నేనే తీయించాను. ముందు చక్రాలు కూడా తిరిగితే డీజిలు ఎక్కువ తాగుతుందన్నారు."

"మరి నాకు చెప్పలేదేంటండీ?" అన్నారు బుల్లిరాజు గారు.

"మీరు అడగలేదు కదండీ. భోంచేశారు, బండి బావుందన్నారు, తీసుకెళ్ళారు."

మా ఆయన, బుల్లిరాజు గారు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ చూపుతో వాళ్ళిద్దరూ స్నేహితులైపోయారు.

షాఫ్టు పారెయ్యలేదు, పెరట్లోనే ఉంది. వెళ్ళి చూస్తే పశువుల పాకలో, నేలలో సగందాకా పాతి ఉంది. పైకి కనబడే కొనకి పలుపు కట్టి ఉంది. పలుపు రెండో కొసన నల్లటి గేదె ఒకటి నెమరేస్తూ మమ్మల్ని చూసింది. సత్తిబాబు గారి భార్య వీరమ్మ గారు కొంగు బిగించి గేదె పక్కన నిలబడ్డారు.

"ఆ గుంజ మాత్రం కదపడానికి వీల్లేదండి. ఇది మహా పెంకిది. ఆ గుంజకి కట్టకపోతే చేపదు. పోయిన ఏడు వేరేదానికి కట్టి చూశాం, రెండు పూటలు చుక్క పాలివ్వలేదు."

మగవాళ్ళు ముగ్గురూ వెనక్కి తగ్గారు. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. మా తోట భవిష్యత్తు గేదె పలుపుకి కట్టి ఉంది. నేను వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుని మా గుట్ట గురించి చెప్పాను. గంపలు మోసే ఆడవాళ్ళ గురించి, చెట్ల కింద కుళ్ళిన కాయల గురించి చెప్పాను. మా ఇంట్లోనూ రెండు ఆవులున్నాయని, వాటిలో ఒకటి రేడియో పెడితేనే చేపుతుందని చెప్పాను. అది నిజమే. ఆవిడ ఆసక్తిగా, "ఏం పెడతారమ్మా, పాటలా, వార్తలా?" అని అడిగారు.

"వ్యవసాయ కార్యక్రమం."

ఆవిడ గేదె వీపు నిమిరారు. ఆఖరికి ఒప్పందం కుదిరింది: సాయంత్రం పాలు పితికాక షాఫ్టు తీసుకోవచ్చు. దాని చోటనే, అదే గోతిలో, అంతే ఎత్తు ఇనుప గొట్టం పాతాలి. రేపొద్దున గేదె చేపితేనే మేం ఊరు దాటాలి.

సాయంత్రం గుంజ కదిలించబోతే కదల్లేదు. కంకర కాంట్రాక్టరు పాతించిన గుంజ అది. నలుగురం ఊపాం, తవ్వాం. చివరికి జీపుకే మోకు కట్టి లాగించాం. తన ఎముక తనే పీక్కున్నట్టుగా ఉంది. షాఫ్టు పేడతో, మట్టితో బయటికొచ్చింది. మా ఆయన దాన్ని పుట్టిన బిడ్డని తీసుకున్నట్టు రెండు చేతులా అందుకున్నారు. ఆ రాత్రి అక్కడే భోజనం, అక్కడే పడక అని వేరే చెప్పక్కర్లేదు.

పొద్దున్నే అందరం పాక ముందు చేరాం. గేదె కొత్త గుంజని వాసన చూసింది. వీరమ్మ గారు పొదుగు కడిగి కూర్చున్నారు. ఏమీ లేదు. బుల్లిరాజు గారు లోపల ఏదో దేవుడికి మొక్కుకుంటున్నట్టు పెదాలు కదిపారు. నేను వాళ్ళ ట్రాన్సిస్టరు తెచ్చి మీట తిప్పాను. ఎవరో ధాన్యం ధరలు చదువుతున్నారు. కాసేపటికి చెంబులో సుయ్‌మని మొదటి ధార పడింది. సత్తిబాబు గారు మా ఆయన వీపు తట్టారు. "ఇక వెళ్ళిరండి" అన్నారు వీరమ్మ గారు, గేదె మీంచి కళ్ళు తిప్పకుండానే.

రాజమండ్రిలో మెకానిక్ తుప్పు గీకి, రెండు కొసల్లో అరిగిన క్రాసు కీళ్ళు మార్చి షాఫ్టు బిగించాడు. ఈసారి మా ఆయన పక్కనే పడుకుని ప్రతి బోల్టూ చూశారు.

మళ్ళీ గట్టు మీద

బుల్లిరాజు గారి ఊరికి తిరిగొచ్చి, ఏటిగట్టు దగ్గర ఆగాం. మంగ గారూ వచ్చారు. మేం చిక్కుకున్న ఇసుకంతా నీళ్ళలో ఉంది. గట్టు వాలు మీద మాత్రం వానకి తడిసిన జిగురుమట్టి. మా ఆయన తాళం బుల్లిరాజు గారి చేతిలో పెట్టారు.

"మీరే ఎక్కించండి సార్."

ఆయన కూర్చున్నారు. కడ్డీ లాగారు. కింద ఏదో గట్టిగా పట్టుకున్న చప్పుడైంది. జీపు ముందు చక్రాలతో మట్టిని గోక్కుంటూ, ఒక్కో అడుగూ నిలదొక్కుకుంటూ పైకి వెళ్ళింది. గట్టు మీద ఆగింది. ఆయన దిగలేదు. మేం నడిచి ఎక్కేసరికి స్టీరింగు పట్టుకుని నది వైపు చూస్తూ ఉన్నారు. కళ్ళు తడిగా ఉన్నాయి.

"నేను కొన్నది ఇదండీ" అన్నారు. "నాలుగేళ్ళ కిందట నేను కొన్నది ఇది."

మళ్ళీ దింపారు. మళ్ళీ ఎక్కించారు. ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు. మంగ గారు నా చెవిలో, "అమ్మా, మీరు తొందరగా బయల్దేరండి. లేకపోతే బండి మీకు రాదు" అన్నారు.

ఆయన మాత్రం సీటు ఖాళీ చెయ్యలేదు. రావులపాలెందాకా దింపుతానన్నారు. మంగ గారు కూడా ఎక్కారు. రావులపాలెంలో, సిద్ధాంతం దగ్గర గోదావరి వంతెన దాటిస్తానన్నారు. వంతెన దాటాక, అవతల రోడ్డు ఎలా ఉందో చూద్దామన్నారు. మంగ గారు దారంతా నాకు కంద బచ్చలి కూరలో ఆవ ఎప్పుడు కలపాలో చెబుతూ, ప్రతి ఊరు దాటాక, "ఏవండీ, ఇంట్లో పాలు పొయ్యి మీదున్నాయి" అంటూ వచ్చారు.

తణుకు

తణుకు బస్టాండు ముందు ఆవిడే జీపు ఆపించారు. బుల్లిరాజు గారు తాళం మా ఆయన చేతిలో పెట్టి, బానెట్ మీద ఒకసారి చెయ్యి వేసి, వెనక్కి చూడకుండా రావులపాలెం బస్సెక్కారు. మంగ గారు కిటికీలోంచి చెయ్యి ఊపారు. బస్సు వెళ్ళిపోయాక మాకు ఒక్కసారిగా ఏమీ తోచలేదు. మూడు రోజుల కిందట ఎవరో తెలియని మనుషులు.

ఎదురుగా మదనపల్లెదాకా రోడ్డుంది. మా ఆయన ఒక తుండు పరిచి, బ్రేకులూ టైర్లూ చూద్దామని జీపు కిందికి దూరారు. నేను అరటిపండు వలుచుకుంటుంటే ఒకాయన వచ్చి ఆగారు. ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా, చంకలో సంచి. జీపు చుట్టూ ఒకసారి నడిచారు. టైర్ల మీద తట్టారు. పైన ఉన్న లైట్లు చూసి తల పంకించారు.

"బండి చాలా బావుందండి. అమ్ముతారాండి?"

"ఇప్పుడే కొన్నాం" అన్నాను. "అయినా కింద ఎలా ఉందో కూడా చూడకుండా ఎలా కొంటారండీ?"

"చూసేదేముందండీ, కనబడుతోంది కదా!"

జీపు కింద చప్పుడు ఆగింది. మా ఆయన తల బయటికి వచ్చింది, మొహమంతా గ్రీజు. ఆయన కిందనుంచే ఆ పెద్దమనిషిని ఎగాదిగా చూశారు. తర్వాత కొంచెం పక్కకి జరిగి, తుండులో సగం చోటు ఇచ్చారు.

"ఇట్ల రండి సార్. వచ్చి పడుకోండి."

ఆ పెద్దమనిషి నావైపు చూశారు. నేను అరటిపండు కొరికాను. సంచి నాకిచ్చి, చొక్కా చేతులు మడుచుకుని, పాపం నిజంగానే పడుకున్నారు. రెండు జతల కాళ్ళు జీపు కిందనుంచి రోడ్డు మీదికి ఉన్నాయి. లోపలినుంచి మా ఆయన గొంతు, పిల్లలకి అక్షరాలు దిద్దించేటప్పుడు ఉండేంత ఓపికగా వినిపించింది.

"ఇది వెనక షాఫ్టు సార్. ఇది ముందు షాఫ్టు. ఉందా? ఊరికే ఉందనొద్దు. చెయ్యి పెట్టి చూడండి."